అంగారకుడి మీద సంసారానికి ఎండ చాలుతుందా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మీ ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే ఈ మాట వినే వుంటారు: "అమ్మా, సైన్సు ఫెయిరుకి అంగారకుడి మీద ఇల్లు చెయ్యాలి. థర్మోకోలు కావాలి!" ఇక ఆ వారమంతా ఇంట్లో తెల్లటి నలుసులు ఎగురుతూనే వుంటాయి. ఎర్రరంగు పూసిన నేల, బోర్లించిన ప్లాస్టిక్ గిన్నెతో ఒక గోపురం, పక్కన చిన్న సోలార్ ప్యానెల్, గోపురం లోపల చిట్టి బల్బు. ఎండలో పెడితే బల్బు వెలుగుతుంది. చూసినవాళ్ళు భేష్ అంటారు. ప్రదర్శన కరీంనగర్‌లో పెట్టినా, ఆదిలాబాదులో పెట్టినా ఇలాంటి నమూనా ఒకటైనా కనిపిస్తుంది.

చూడటానికి ముచ్చటగానే వుంటుంది, కాదనను. కాని అది బొమ్మ, ప్రయోగం కాదు. ఎండలో పెడితే బల్బు వెలుగుతుందని ముందే తెలుసు గదా! తెలియని సంగతి ఒకటి పట్టుకుని, దాన్ని కొలిచి తెలుసుకుంటే అది ప్రయోగం. అంగారకుడి మీద ఎండతో బతకాలంటే తెలుసుకోవలసిన సంగతులు ముఖ్యంగా రెండు. పగటి సంపాదనలో రాత్రికి ఎంత దాచాలి? ప్యానెళ్ళ మీద పేరుకునే దుమ్ము ఎలా దులపాలి? దాచడం, దులపడం మనకి కొత్త పనులా చెప్పండి? అందుకే ఈ ప్రయోగంలో పిల్లలకి సాయపడటానికి మీరు బి.ఎస్సీ. చదివి వుండనక్కర్లేదు.

"ఇక్కడి కరెంటు బిల్లుతోనే సతమతమవుతుంటే ఆ కుజుడి గొడవ మనకెందుకమ్మా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే, కుజుడంటే మనకి పిల్ల పెళ్ళి కుదిర్చేటప్పుడు జాతకంలో కనబడే దోషంగానే ఎక్కువ పరిచయం. అయితే 2024 ఫిబ్రవరిలో ఇళ్ళ కప్పుల మీద ప్యానెళ్ళకి కేంద్ర ప్రభుత్వ పథకం మొదలయింది. మూడు కిలోవాట్లు పెట్టించుకుంటే 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుందని విని పక్కింటివాళ్ళో ఎదురింటివాళ్ళో పెట్టించుకునే వుంటారు. అంగారకుడి మీద ప్యానెల్‌ని ఏది చంపుతుందో తెలిస్తే మన డాబా మీది ప్యానెల్‌ని ఏది నీరసపరుస్తుందో కూడా తెలుస్తుంది.

ముందు సంపాదన చూద్దాం. అంగారకుడు సూర్యుడికి మనకంటే సుమారు ఒకటిన్నర రెట్లు దూరంలో వున్నాడు. దూరం ఎంత పెరిగితే ఎండ అంతే తగ్గుతుందనుకుంటాం గాని, అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. మండే పొయ్యి దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేస్తే సెగ ఒక్కసారిగా తగ్గిపోవడం మనకి అనుభవమే. భూమి దగ్గర చదరపు మీటరుకి 1,361 వాట్ల ఎండ అందితే, అంగారకుడి దగ్గర సగటున 590 వాట్లే అందుతుంది. మనకి నూరు అయితే అక్కడ నలభైమూడు. ఇంటి జీతం నూరు నుంచి నలభైమూడుకి దిగితే ఆ ఇల్లాలు ఏం చేస్తుందో, అక్కడికి వెళ్ళేవాళ్ళు కూడా అదే చెయ్యాలి.

ఇందులో ఒక ఊరట కూడా వుంది. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. వేడెక్కితే దాని పని మందగిస్తుంది. ఒక్కొక్క డిగ్రీ పెరిగినప్పుడల్లా ఉత్పత్తి నూటికి 0.3 నుంచి 0.5 దాకా పడిపోతుంది. మే నెలలో రామగుండం ఎండ చూసి, ఇక్కడ ప్యానెళ్ళకి పండగే అనుకోవడం సగమే నిజం. అక్కడి ఎన్.టి.పి.సి. వాళ్ళు 500 ఎకరాల జలాశయం మీద నాలుగున్నర లక్షల ప్యానెళ్ళు తేలేటట్టు కట్టారు. మొత్తం 100 మెగావాట్లు, 2022 జూలై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. కింద నీళ్ళుండటంతో ప్యానెళ్ళు చల్లగా వుంటాయి, పైన ప్యానెళ్ళుండటంతో నీళ్ళు తక్కువగా ఆవిరవుతాయి. బొగ్గుతో పేరుపడ్డ ఊళ్ళో ఈ తెప్పల మీది కరెంటు చూడవలసినదే. అంగారకుడి మీద చలికి కొదవలేదు గనక, అక్కడ ప్యానెల్ వేడెక్కి నీరసపడే బాధ లేదు.

ఇప్పుడు ఖర్చు. పట్నంలో నలుగురున్న ఇంటికి నెలకి 300 యూనిట్లు, అంటే రోజుకి పది అనుకోండి. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మిక్సీ, టీవీ, మోటారు అన్నీ అందులోనే. అంగారకుడి మీద వీటన్నిటికంటే ముందు ఊపిరికి కరెంటు కావాలి. అక్కడి పల్చటి గాలిలో నూటికి 95 వంతులు బొగ్గుపులుసు వాయువే. 2021లో అక్కడ దిగిన పర్సెవరెన్స్ అనే బండిలో మాక్సీ అని ఒక పెట్టె పెట్టి, ఆ వాయువు నుంచి ప్రాణవాయువు తీసి చూశారు. 2023 దాకా 16 సార్లు నడిపితే మొత్తం 122 గ్రాములు వచ్చింది. బాగా జోరుగా నడిచినప్పుడు గంటకి 12 గ్రాములు. అది నడవడానికి సుమారు 300 వాట్లు కావాలి. మనిషికి రోజుకి 840 గ్రాముల దాకా ప్రాణవాయువు అవసరం. పాలవాడి లెక్కలాగా వేసి చూడండి. డెబ్భై గంటల పని, ఇరవై ఒక్క యూనిట్లు! ఒక్క మనిషి ఒక్క రోజు పీల్చే గాలికి మన ఇంటిల్లిపాది రెండు రోజుల కరెంటు. అది చిన్న నమూనా యంత్రం. పెద్దది కడితే ఈ లెక్క తగ్గుతుంది, నిజమే. కాని కిటికీ తెరిస్తే ఊరికే వచ్చే గాలికి అక్కడ మీటరు తిరుగుతుందన్నది మాత్రం మారదు.

ఎండ మీద ఆధారపడి బతికిన ఇల్లు ఒకటి మన జిల్లాలవాళ్ళకి పాత పరిచయమే. పేరు చెబితే నవ్వుకుంటారు: స్కైలాబ్! 1979 జూలైలో అది నెత్తిన పడుతుందని కరీంనగర్ పల్లెల్లో ఎంత గగ్గోలు! "గా స్కైలాబ్ మన మీదనే పడ్తదట అవ్వా" అని ఎలాగూ పోతాం గదాని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నవాళ్ళున్నారు. ఆ కథ మీద 2021లో సినిమా కూడా వచ్చింది. చివరికి అది జూలై 11న హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడింది. పడిన కథ అందరికీ తెలుసు గాని, నిలబడిన కథ తక్కువమందికి తెలుసు. 1973 మేలో దాన్ని పైకి పంపుతుండగానే రెండు సోలార్ రెక్కల్లో ఒకటి ఊడిపోయింది, రెండోది ఇరుక్కుపోయి విచ్చుకోలేదు. ఎండకి అడ్డుగా వుండవలసిన తొడుగు కూడా పోయింది. ఇల్లు లోపల కొలిమి అయింది, కరెంటు చూస్తే చాలీచాలకుండా వుంది. మొదట వెళ్ళిన ముగ్గురూ ముందు గొడుగులాంటిది ఒకటి బయటికి తెరిచి నీడ కల్పించారు. ఆ తర్వాత జూన్ 7న ఇద్దరు బయటికి వెళ్ళి, అడ్డుపడ్డ రేకు కత్తిరించి, ఆ మిగిలిన రెక్కని విప్పారు. అప్పటికి గాని కాపురం కుదుటపడలేదు. అదే ఇంట్లో బడిపిల్లల ప్రయోగాలు కూడా చేశారు. జుడిత్ మైల్స్ అనే అమ్మాయి, బరువు తెలియని చోట సాలీడు గూడు అల్లగలదా అని అడిగింది. రెండు సాలీళ్ళని పంపి చూశారు, అల్లాయి! ఎంత చిన్న ప్రశ్నో చూశారా? ప్రయోగానికి అలాంటి ప్రశ్న ఒక్కటి చాలు.

ఇక రాత్రి సంగతి. అంగారకుడి మీద రోజు మన రోజుకంటే ముప్ఫైతొమ్మిది నిమిషాలే ఎక్కువ. అంతవరకు బాగానే వుంది. కాని రాత్రి చలి సున్నాకి కింద 80, 90 డిగ్రీలకి దిగుతుంది. డిసెంబరులో ఆదిలాబాదు చలికి స్వెట్టర్లు, కంబళ్ళు తీసే మనకి ఆ చలి ఊహకందదు. 2021 ఏప్రిల్ 19న అక్కడి గాలిలో ఎగిరిన ఇంజెన్యుయిటీ అనే చిన్న హెలికాప్టరు గురించి చదివే వుంటారు. బరువు 1.8 కిలోలు, నెత్తిన ఒక చిన్న సోలార్ ప్యానెల్. దానికి ముఖ్య ఇంజనీరు బాబ్ బాలరామ్ మన మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పాఠశాలలో చదువుకున్నవారు. చిన్నప్పుడు బంధువు ఒకాయన అమెరికన్ కాన్సులేటుకి ఉత్తరం రాస్తే, వాళ్ళు పంపిన అంతరిక్ష బొమ్మల కట్ట చూసి ఆయనకి ఈ పిచ్చి పట్టిందట. ఆ హెలికాప్టరు పగలు బ్యాటరీలో నింపుకున్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులు ఎగరడానికి కాదు, రాత్రి గడ్డకట్టకుండా వెచ్చగా వుండటానికే ఖర్చయ్యేది! అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. మధ్యలో 2022 మేలో, చలికాలం, పైగా దుమ్ము. బ్యాటరీ సరిగ్గా నిండక రాత్రి పూర్తిగా దిగిపోయి, లోపలి గడియారం కూడా ఆగింది. మళ్ళీ ఎండ పడ్డాక లేచింది గాని, మనవాళ్ళతో మాట కలపడానికి వేళ తప్పిపోయింది. ఇన్వర్టరు చార్జింగు లేని రాత్రి కరెంటు పోతే తెల్లారి ఇంట్లో గడియారాలన్నీ తలొక టైమూ చూపిస్తాయే, అలా అన్నమాట.

చందమామ మీద అయితే రాత్రి మన లెక్కలో పధ్నాలుగు రోజులు. మన విక్రమ్, ప్రజ్ఞాన్‌లు 2023 ఆగస్టు 23న దిగి, చేతనైనంత పని చేసి, సెప్టెంబరు మొదట్లో నిద్రపోయాయి. తెల్లవారగానే ఎండ సూటిగా తగిలేటట్టు ప్రజ్ఞాన్ ప్యానెల్‌ని తిప్పి, బ్యాటరీ నిండుగా వుంచి పడుకోబెట్టారు. సెప్టెంబరు 22న పిలిస్తే పలకలేదు. వాటిని ఒక్క పగటి కోసమే తయారుచేశారు గనక అందులో తప్పేమీ లేదు. కాని మనుషులు వుండబోయే ఇంటికి ఆ మాట చెల్లదు గదా.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం, దుమ్ము. గోదావరిఖనిలో, మంచిర్యాలలో, బెల్లంపల్లిలో కాపురముండేవాళ్ళకి దుమ్ము గురించి నేను చెప్పాలా? పొద్దున తుడిచిన అరుగు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. అంగారకుడి దుమ్ము దీనికంటే మెత్తన, పౌడరు కంటే మెత్తన. పైగా దువ్విన దువ్వెనకి కాగితపు ముక్కలు అంటుకున్నట్టు ప్యానెల్‌ని అంటిపెట్టుకుని వుంటుంది. వాన అనేది లేదు, కడిగేవాళ్ళు లేరు. 1997లో అక్కడ తిరిగిన మొదటి చిన్నబండి మీద కొలిచి చూస్తే, దుమ్ము వల్ల రోజుకి నూటికి 0.28 చొప్పున కరెంటు తగ్గింది. పావలా వంతు, అంతేగదా అనిపిస్తుంది. పాలలో రోజూ పావలా వంతు నీళ్ళు పెంచుకుంటూ పొమ్మనండి, ఏడాది తిరిగేసరికి మిగిలేవి పాలా, నీళ్ళా?

2018 నవంబరులో దిగిన ఇన్‌సైట్ అనే యంత్రం మొదట్లో రోజుకి అయిదు యూనిట్ల దాకా కరెంటు తీసింది. 2022 మే నాటికి అది అర యూనిట్‌కి పడిపోయింది. ఎండ అదే, ప్యానెళ్ళు అవే, దుమ్ము మాత్రమే పెరిగింది. ఆ ఏడు డిసెంబరులో అది మూగబోయింది. అంతకుముందు, 2021 మేలో, వాళ్ళొక ఉపాయం చేశారు. నాకు ఈ కథంతటిలో బాగా నచ్చింది ఇదే. యంత్రం చేత్తో పిడికెడు ఇసుక తీసి, గాలి బాగా వీచే వేళ చూసి, ప్యానెల్ పక్కన సన్నగా రాల్చారు. దుమ్ము మీద ఇంకా దుమ్మా అని ముక్కున వేలేసుకోకండి. ఇసుక రేణువులు పెద్దవి. గాలికి ప్యానెల్ మీద దొర్లుతూ పోయి, అంటుకున్న సన్నదుమ్ముని తమతో లేపుకుపోయాయి. దానితో రోజుకి 30 వాట్-గంటల కరెంటు పెరిగింది. చెరువుగట్టున ఇసుకతో బిందె తోమిన మన అవ్వలు చూస్తే, ఇందుకు ఇంత చదువు కావాలా అనేవారు కాబోలు!

ఆపర్చునిటీ బండి కథ ఇంకోలా వుంది. 90 రోజులు పనిచేస్తే చాలని 2004లో దింపితే, పధ్నాలుగేళ్ళు నడిచింది. చలికాలంలో ఎండ తగిలే వాలు చూసుకుని ఆగేది, ఎండ ఎటు తిరిగితే వడియాల చేట అటు జరిపినట్టు. సుడిగాలులు అప్పుడప్పుడు వచ్చి దుమ్ము ఊడ్చి పోయేవి. కాని 2018 జూన్‌లో గ్రహమంతా కమ్మిన దుమ్ము తుపానులో పట్టపగలే చీకటయింది. జూన్ 10 తర్వాత దాని పలుకు వినబడలేదు. అదే తుపానులో క్యూరియాసిటీ అనే మరో బండి హాయిగా పని చేసుకుంది. ఎందుకంటే దానికి ఎండతో పనిలేదు, ప్లుటోనియం వేడితో నడుస్తుంది. కాబట్టి ఒక్క ఎండనే నమ్ముకుని అక్కడ కాపురం పెట్టడం నా మట్టుకు నాకు తెలివైన పనిగా తోచదు. గ్యాసు ఒకటి, కట్టెలపొయ్యి ఒకటి వున్నట్టు రెండు దారులుండాలి. మీ పిల్లల నమూనా ముందు నిలబడి ఎవరైనా "తుపాను వస్తే?" అని అడిగితే దానికి జవాబుండాలి.

సరే, ఇంట్లో ప్రయోగం ఎలా చెయ్యాలో చెబుతాను. చిన్న ఆరు వోల్టుల సోలార్ ప్యానెల్ ఒకటి, కరెంటు కొలిచే మల్టీమీటరు ఒకటి కావాలి. రెండూ ఎలక్ట్రానిక్ సామాను అమ్మే కొట్లో దొరుకుతాయి. ఇక్కడొక మెలిక వుంది, చాలామంది పిల్లలు ఇక్కడే తప్పుదారి పడతారు. వాళ్ళు వోల్టులు కొలుస్తారు. వెలుతురు సగం తగ్గినా వోల్టులు పెద్దగా తగ్గవు. దాంతో "దుమ్ము పడితే ఏమీ కాదు" అని రాసుకొస్తారు. కొలవవలసింది మిల్లీఆంపియర్లు. వెలుతురు తగ్గితే అవి వెంటనే తగ్గుతాయి.

మిట్టమధ్యాహ్నం ప్యానెల్‌ని ఎండకి ఎదురుగా పెట్టి మీటరు చూడండి. ఉదాహరణకి 200 వచ్చిందనుకుందాం. పాత చున్నీ పొరలు పొరలుగా కప్పుకుంటూ 86కి దించండి. అదే నూటికి 43, అంటే అంగారకుడి ఎండ మీ డాబా మీదికి వచ్చిందన్నమాట. ఇక ఎర్ర ఇటుక దంచి, మనం పసుపు, సున్నిపిండి పట్టుకున్నట్టు పల్చటి బట్టలో వస్త్రగాళితం పట్టండి. చున్నీ తీసి, పావు చెంచా పొడి ప్యానెల్ మీద సమానంగా రాల్చి మీటరు చూసి రాసుకోవాలి. ఇంకో పావు చెంచా, మళ్ళీ రాసుకోవాలి. ఎన్ని చెంచాలకి సగం పడిపోయింది? ఎండ, వేళ, ప్యానెల్ వాలు మారకుండా చూడాలి, లేకపోతే తగ్గింది దుమ్ము వల్లో మబ్బు వల్లో తెలియదు. తర్వాత దులిపే పద్ధతులు. ఊదితే ఎంత వస్తుంది? నిలువుగా వాల్చి తట్టితే? మెత్తటి కుంచెతో తుడిస్తే? ఇన్‌సైట్‌లా ముతక ఇసుక రాల్చి టేబుల్ ఫ్యాను పెడితే? ప్రతిసారీ మొదటిలాగే దుమ్ము వేసి కొలిస్తేనే న్యాయం. ఇసుక పద్ధతిలో గీతలు పడవచ్చు, అందుకని అది ఆఖరున చెయ్యమనండి.

ఇటుక పొడి దంచే ఓపిక లేకపోతే ఇంకో దారి. ప్యానెల్‌ని వారం రోజులు డాబా మీద వదిలెయ్యండి. రోజూ ఒకే వేళకి కొలవాలి. గోదావరిఖనిలో మేనమామ ఇంట్లో ఒక పిల్ల, కరీంనగర్‌లో ఒకరు, ఆదిలాబాదులో ఒకరు ఒకే రకం ప్యానెల్‌తో ఒకే వారం చేసి, రాత్రి ఫోనులో అంకెలు చెప్పుకుంటే ఎంత బాగుంటుంది! ఏ ఊళ్ళో ఎంత తగ్గిందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అదీ ప్రయోగమంటే.

రాత్రి సంగతికి రెండు ఒకేరకం చార్జింగు సెల్లులు చాలు. రెండూ నిండుగా చార్జి చేసి, ఒకదాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో వుంచండి. పొద్దున తీసిన వెంటనే ఒక్కొక్కటి బొమ్మ ఫ్యానుకి పెట్టి ఎంతసేపు తిరిగిందో చూడండి. చలికి బ్యాటరీ ఎందుకు ముడుచుకుంటుందో, ఆ హెలికాప్టరు ఎందుకు అంత కరెంటు ఒంటి వెచ్చదనానికి ఖర్చుపెట్టిందో అప్పుడు మీరు వేరే చెప్పనక్కర్లేదు.

దుమ్ము దులపడానికి కొత్త దారులు కూడా వస్తున్నాయి. దుమ్ము అంటుకునేది దువ్వెన విద్యుత్తులాంటి దానితోనే గనక, అదే విద్యుత్తుతో తరిమెయ్యాలని, గాజులో సన్నని తీగలు పొదిగి అటూ ఇటూ మారే వోల్టేజీ పెడతారు. దుమ్ము ఎగిరి పక్కకి పడుతుంది. 2025 మార్చిలో చందమామ మీద దిగిన బ్లూ గోస్ట్ అనే యంత్రం మీద దీన్ని పరీక్షిస్తే బాగానే పనిచేసింది.

మగపిల్లవాడు మల్టీమీటరు అడిగితే కొని, ఆడపిల్ల అడిగితే "నీకెందుకే" అనే ఇళ్ళు ఇంకా వున్నాయి. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు చిన్న చిన్న పరికరాలు తయారుచేస్తే, వాటినన్నిటినీ కలిపి ఆజాదీశాట్ అని ఎనిమిది కిలోల ఉపగ్రహం చేశారు. తన సోలార్ ప్యానెళ్ళని తానే ఫొటో తీసుకునే కెమెరా కూడా అందులో పెట్టారు. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి వెళ్ళింది, రాకెట్టు సరైన కక్ష్యలో వదలలేకపోవడంతో పోయింది. ఆరు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరి 10న రెండోది వెళ్ళి కక్ష్యలో చేరింది. ఆ పిల్లల చేతికి ఎవరో ఒకరు పరికరాలు ఇచ్చారు గనకనే గదా!

మరి ఆఖరుగా మన డాబా సంగతి. ఇంటి మీద ప్యానెళ్ళున్నవాళ్ళు వాన లేని నెలల్లో అప్పుడప్పుడు కడగండి. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, మంచినీళ్ళతో, మెత్తటి గుడ్డతో. మధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చన్నీళ్ళు పొయ్యవద్దు. సబ్బుపొడి, పీచు వాడవద్దు. బోరునీళ్ళయితే తెల్లటి చారలు కడతాయి, వెంటనే తుడవాలి. కడిగిన ముందు రోజు, తర్వాత రోజు యూనిట్లు కాగితం మీద రాసుకోండి. ఆ తేడా ఎంతో పిల్లల చేత లెక్క వేయించండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి: ఇంటి మీది పెద్ద ప్యానెళ్ళ తీగలు పిల్లల్ని ముట్టుకోనివ్వవద్దు, ఎండ వున్నంతసేపూ వాటిలో కరెంటు వుంటుంది. ప్రయోగమంతా చేతిలో పట్టే చిన్న ప్యానెల్‌తోనే చెయ్యాలి.